పానిపట్‌లో భావు ఏనుగు దిగడం వల్లే ఓడిపోయాడా?

మరాఠా సేనాపతి సదాశివరావు భావు ఏనుగు దిగకుండా ఉంటే 1761లో పానిపట్ యుద్ధంలో అఫ్గాన్ రాజు అహ్మద్ షా అబ్దాలీ మీద మరాఠాలు గెలిచేవాళ్లా అని అడిగారు కదా, నేనూ చిన్నప్పట్నుంచి అలాగే అనుకునేవాణ్ణి. ఢిల్లీలో జాబ్ చేసేటప్పుడు సతారా నుంచి వచ్చిన మా రూమ్మేట్ ఒక జనవరి 14న నన్ను పానిపట్ తీసుకెళ్లాడు, అప్పట్నుంచి అలా అనుకోవట్లేదు.

ఆ యుద్ధం జరిగిన చోటుని కాలా ఆంబ్ అంటారు, అంటే నల్ల మామిడి. చెట్టు ఎప్పుడో పోయింది, ఇనప కంచె మధ్యలో ఒక ఇటుక స్తంభం ఉంటుంది. పొద్దున్నే పొగమంచు, పక్కన మనిషి సరిగ్గా కనపడట్లేదు, జాకెట్ జేబులో పెట్టుకున్నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి. వాడు బూట్లు విప్పేసి, కాగితంలో చుట్టి తెచ్చిన నాలుగు నువ్వుండలు అక్కడ పెట్టి దండం పెట్టుకున్నాడు. "ఆ రోజు వీళ్లు పస్తులతో వచ్చార్రా" అన్నాడు.

అసలు కారణం అదే అంటాను నేను. భావు చేతకానివాడు కాదండీ, ఏడాది ముందే ఉద్గీర్ దగ్గర హైదరాబాద్ నిజాంని ఓడించాడు, ఫ్రెంచ్ సేనాని బుస్సీ దగ్గర ఫ్రెంచ్ పద్ధతి నేర్చుకున్న ఇబ్రహీం ఖాన్ గార్దీ తుపాకుల దళం వెంట ఉంది. కానీ 1760 అక్టోబర్‌లో అబ్దాలీ బాగ్‌పత్ దగ్గర యమున దాటేసరికి ఢిల్లీ దారి మూసుకుపోయింది, సైన్యంతో పాటు ఆడవాళ్లు, పిల్లలు, యాత్రలకని వచ్చినవాళ్లు వేలమంది, అందరూ రెండు నెలలకి పైగా పానిపట్‌లోనే ఇరుక్కుపోయారు. డిసెంబర్‌లో, మరాఠాలకి గింజలు పంపే గోవింద్ పంత్ బుందేలే చనిపోయాక గింజలొస్తాయన్న ఆశ కూడా పోయింది, గుర్రాలు బక్కచిక్కిపోయాయి, ఆకలితో చచ్చేకన్నా కొట్లాడి చద్దామని సర్దార్లే వచ్చి అడిగారట.

అయినా మధ్యాహ్నం దాకా గార్దీ మనుషులు అబ్దాలీ వైపున్న రోహిల్లా అఫ్గాన్లని చెల్లాచెదురు చేశారు. తర్వాత అబ్దాలీ అలసిపోని గుర్రపు దళాన్ని దింపాడు, భావు దగ్గర దింపడానికి ఎవరూ మిగల్లేదు. పీష్వా (మరాఠాల ప్రధాని) కొడుకు విశ్వాసరావు గుండు తగిలి పడిపోయాక భావు ఏనుగు దిగి, గుర్రమెక్కి మధ్యలోకి దూకాడు, ఖాళీ అంబారీ చూసి సైన్యం చెదిరిపోయిందంటారు. ఏనుగు దిగకపోయినా, అంతసేపు ఖాళీ కడుపుతో నిలబడ్డవాళ్లు సాయంత్రం దాకా నిలబడేవాళ్లా? నాకైతే నమ్మకం లేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో వాడు పీష్వాకి అందిన ఉత్తరం సంగతి చెప్పాడు, రెండు ముత్యాలు కరిగిపోయాయి, ఇరవై ఏడు బంగారు మొహరీలు పోయాయి, వెండి రాగికి లెక్కే లేదు అని. ఆ ముత్యాలు భావు, విశ్వాసరావు. మరాఠీలో ఏదైనా సర్వనాశనం అయితే ఇప్పటికీ "పానిపత్ ఝాలం" అంటారు, వాళ్లమ్మ మాత్రం ఆ మాట ఇంట్లో ఎవర్నీ అననివ్వదట.