తల గోడకేసి కొట్టుకుంటున్న బాబు: ముందు చెవి చూపించండి

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్లు. ఆటిజం ఉందని ఏడాది క్రితం చెప్పారు. ఇంకా మాటలు రాలేదు. అప్పుడప్పుడు తల గోడకేసి కొట్టుకునేవాడు. మూడు వారాలుగా అది బాగా ఎక్కువైంది. రాత్రి పడుకోబెట్టగానే మొదలుపెడతాడు. పగలు అన్నం తినిపించేటప్పుడు, చేతిలోంచి ఫోను తీసుకున్నప్పుడు నేలకేసి కొట్టుకుంటాడు. నుదుటి మీద బొప్పి తగ్గడం లేదు. ఫోను మళ్లీ ఇస్తే వెంటనే ఆగిపోతాడు. మా అత్తగారు దిష్టి అంటున్నారు. మావారేమో పంతం, రెండు తగిలిస్తే దారికొస్తాడంటున్నారు. మెదడు దెబ్బతింటుందేమోనని నాకు భయంగా ఉంది. హెల్మెట్ పెట్టాలా? మందులేమైనా ఉన్నాయా?
- ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: అమ్మా, మీరు రాసినదంతా చదువుతూ 'మూడు వారాలుగా' అన్న మాట దగ్గర ఆగాను. ఆటిజం మూడు వారాల్లో పెరిగేది కాదు. ఎప్పటి నుంచో ఉన్న అలవాటు ఉన్నట్టుండి ఎక్కువైందంటే, మాటలు రాని పిల్లవాడి విషయంలో మేం మొదట అనుమానించేది నొప్పిని. అందులోనూ పడుకోబెట్టగానే మొదలవుతోందంటున్నారు. మధ్యచెవిలో చీము చేరితే పడుకున్నప్పుడు పోటు ఎక్కువవుతుంది. మాటలొచ్చిన పిల్లలైతే 'అమ్మా, చెవి' అని చెవి పట్టుకుని ఏడుస్తారు. మీవాడికి ఆ మాట లేదు, తల ఉంది.

అన్నం దగ్గర కూడా కొట్టుకుంటున్నాడు కాబట్టి పళ్లను వదిలిపెట్టకూడదు. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకు పళ్లు త్వరగా పుచ్చిపోతాయి. బ్రష్ నోట్లో పెట్టనివ్వని పిల్లలకైతే చెప్పనక్కర్లేదు. తర్వాత పొట్ట. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామంది పెరుగన్నం, పాలు, ఒకే రకం బిస్కెట్లు అంటూ రెండు మూడు పదార్థాలకే అతుక్కుపోతారు. దాంతో మలబద్ధకం. ఇందులో పెద్దవాళ్లను బోల్తా కొట్టించే సంగతి ఒకటుంది. లోపల మలం గట్టిపడి ఉంటే దాని పక్కనుంచి నీళ్లలా జారి చెడ్డీకి అంటుతుంటుంది. అది చూసి విరేచనాలనుకుని మందు వేస్తారు. ఉన్న జబ్బు దానికి సరిగ్గా తలకిందులు. తిన్న కాసేపటికి వెనక్కి విరుచుకుంటూ ఏడుస్తుంటే, కడుపులోని ఆమ్లం పైకి తన్నుతోందేమో కూడా చూడాలి.

కాబట్టి ఈ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించండి. చెవిలో లైటు వేసి కర్ణభేరి చూడమని, నోరు తెరిపించి పళ్లు చూడమని, పొట్ట తడిమి చూడమని మీరే అడగండి. 'ఆటిజం కదా, ఇలాగే ఉంటుంది' అని ముట్టుకోకుండానే పంపించేస్తే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి. తోటి వైద్యులకు కోపం వచ్చినా ఈ మాట చెప్పక తప్పదు. ఎక్కడ నొప్పో తేలనప్పుడు, బాబు బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో ఒకటి రెండు రోజులు పారాసిటమాల్ ఇచ్చి చూడటం కూడా ఒక పరీక్షే. దానికి తల కొట్టుకోవడం తగ్గితే సగం జవాబు దొరికినట్టే. నిద్ర సరిగా పట్టక కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే ఒంట్లో ఐరన్ నిల్వలు ఎలా ఉన్నాయో రక్తపరీక్ష చేయించాలి. మట్టి, గోడ సున్నం, రంగు పెచ్చులు తినే అలవాటుంటే రక్తంలో సీసం కూడా చూడమనండి.

నొప్పి ఏదీ లేదని తేలితే, లేదా నొప్పి తగ్గాక కూడా మిగిలిపోతే, అప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకోండి. పేజీని మూడు గడులుగా గీయండి. కొట్టుకునే ముందు ఏం జరిగింది, బాబు ఏం చేశాడు, వెంటనే మనం ఏం చేశాం. టైమూ వేయండి. పది పన్నెండు రోజులు చాలు. మొదటి రెండు గడులు అందరూ చక్కగా రాస్తారు. మూడోది రాయడానికి మొహమాటపడతారు, ఎందుకంటే అందులో ఉండేది మన సంగతి. 'ఫోను ఇచ్చాం', 'అన్నం పళ్లెం తీసేశాం', 'అందరం చుట్టూ చేరాం'.

తల కొట్టుకోవడానికి వెనక ఏముందో ఆ గడి చెబుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బ్రయన్ ఇవాటా బృందం తమను తాము గాయపరచుకునే 152 మందిని ఇదే ఆలోచనతో, ముందు జరిగేదాన్నీ తర్వాత దొరికేదాన్నీ తామే మార్చి చూస్తూ పరిశీలించి 1994లో ఫలితాలు ప్రచురించింది. మూడో వంతు కన్నా ఎక్కువమందిలో కారణం తప్పించుకోవడం. ఇష్టంలేని పని, తిండి లేదా చోటు నుంచి బయటపడటం. నాలుగో వంతుమందికి మనుషుల దృష్టో, వస్తువో కావాలి. ఇంచుమించు అంతేమందిలో బయటివాళ్లతో నిమిత్తం లేదు, ఆ తాకిడే వాళ్లకు కావాలి. పైకి ఒకేలా కనిపించే పని వెనక ఇన్ని రకాల కారణాలున్నప్పుడు అందరికీ ఒకే మందు ఎలా పనిచేస్తుంది?

నా దగ్గరికి వచ్చే ఒక పాప రోజూ ఉదయం వంటింటి గుమ్మానికి తల కొట్టుకునేది. టిఫిన్ వద్దని మారాం చేస్తోందని ఇంట్లో అనుకున్నారు. పుస్తకంలో టైములు చూస్తే, ప్రెషర్ కుక్కర్ మొదటి విజిల్ వేయడానికి రెండు మూడు నిమిషాల ముందు మొదలవుతోంది. ఆ బుస మొదలవగానే రాబోయే కూత పాపకు తెలిసిపోతోంది. కుక్కర్ పెట్టే వేళకు వాళ్ల తాత పాపను మేడ మీదకు తీసుకెళ్లడం మొదలుపెట్టారు. అంతకు మించి వైద్యమేమీ చేయలేదు.

మీ బాబు ఫోను సంగతి ఇందుకు భిన్నం. తల కొట్టుకుంటే ఫోను వస్తుందని వాడు నేర్చుకున్నాడు. నేర్పింది ఇంటిల్లిపాదీ. ఇందులో మీ తప్పు వెతకకండి, బిడ్డ తల పగలగొట్టుకుంటుంటే ఎవరైనా చేసే పనే అది. వాడిదీ పంతం కాదు. అడగడానికి ఇంతకన్నా తేలికైన దారి వాడికి ఇంకా ఎవరూ చూపించలేదు. ఆ దారి చూపించడమే చికిత్స. పేరు ఫంక్షనల్ కమ్యూనికేషన్ ట్రైనింగ్, 1985 నుంచి పరిశోధనల్లో నిలబడిన పద్ధతి. బాబు ప్రశాంతంగా ఉన్నప్పుడు, ఫోను మీ చేతిలో కనిపించేలా పట్టుకుని, వాడి అరచేయి పట్టుకుని 'ఇవ్వు' అన్నట్టు చాపించండి. చాపిన మరుక్షణం ఇవ్వండి. రోజుకు పది పదిహేనుసార్లు, ఫోనుతోనే కాదు, నీళ్లతో, బిస్కెట్‌తో, బంతితో. అన్నం దగ్గర 'చాలు' అనడానికి చెయ్యి అడ్డంగా ఊపడమో, పళ్లెం బొమ్మ మీద గీత గీసిన కార్డు అందించడమో నేర్పండి. 'చాలు' అన్నప్పుడు నిజంగానే ఆపండి. ఇంకో ముద్ద కుక్కితే ఆ కార్డు మీద నమ్మకం పోతుంది. సైగ తేలిగ్గా ఉండాలి, తల కొట్టుకోవడం కన్నా త్వరగా ఫలితమివ్వాలి. ఇంట్లో అందరూ ఒకేలా స్పందించాలి. నాయనమ్మ దగ్గర ఒక పద్ధతి, నాన్న దగ్గర ఒక పద్ధతి అయితే పిల్లవాడు పాత పద్ధతికే వెళ్తాడు.

ఫోనును ఒక్కరోజులో మాన్పించే ప్రయత్నం మాత్రం చేయకండి. అలవాటుగా దొరికేది దొరకనప్పుడు మొదట్లో కొట్టుకోవడం ఇంకా పెరుగుతుంది. అది చూడలేక నాలుగో రోజున ఇచ్చేస్తే, ఇంత గట్టిగా కొట్టుకుంటేనే వస్తుందని నేర్పినట్టవుతుంది. 'పట్టించుకోకండి, అదే మానుకుంటాడు' అనే సలహా తలకు సంబంధించినంతవరకు ప్రమాదకరం. థెరపిస్ట్ పర్యవేక్షణ లేకుండా అది ఇంట్లో చేసే పని కాదు. ఫోనుకు వేళ పెట్టండి, కొట్టుకోకముందే ఇవ్వండి, తీసుకునే ముందు ఇంకో ఇష్టమైన వస్తువు చేతిలో పెట్టండి.

కొట్టుకుంటున్న ఆ నిమిషంలో ఏం చేయాలి? మాటలు తగ్గించండి. తలకూ గోడకూ మధ్య మీ అరచేయి, దిండు, మడిచిన బొంత, ఏది అందితే అది పెట్టండి. గోడ నుంచి మంచం జరపండి, పడుకునే చోట నేల మీద పరుపు వేయండి. టీవీ ఆపండి, లైటు తగ్గించండి, చుట్టూ చేరినవాళ్లను పంపించండి. కదలనివ్వకుండా గట్టిగా బిగించి పట్టుకుంటే చాలామంది పిల్లలు ఇంకా పెనుగులాడతారు. మీవారితో చెప్పండి, కొట్టడం వల్ల నొప్పి మీద నొప్పి తప్ప ఏమీ రాదు. మీ అత్తగారు దిష్టి తీస్తే తీయనివ్వండి, దానితో నాకు పేచీ లేదు. కాకపోతే మిరపకాయల పొగ బాబున్న గదిలో వేయొద్దని చెప్పండి.

తాకిడే కావాల్సిన పిల్లలకు ఊయల, దిండ్ల మధ్య గట్టిగా అదుముకోవడం, గెంతులాట వంటివి పనికొస్తాయి. అది ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (స్పర్శ, కదలికలు, రోజువారీ పనుల్లో శిక్షణ ఇచ్చేవారు) చూసి చెప్పాలి. నిద్రలోకి జారుతూ లయగా తల కొట్టుకోవడం ఆటిజం లేని పసిపిల్లల్లో కూడా ఉంటుంది. ఏడాది లోపే మొదలై, ఎక్కువమందిలో మూడు నాలుగేళ్లకు తగ్గిపోతుంది.

మెదడు గురించి మీ భయం: ఈ వయసు పిల్లలు కొట్టుకునే దెబ్బలతో మెదడుకు గాయం కావడం అరుదు. అందరికీ సీటీ స్కాన్ అక్కర్లేదు, పసివాడికి అనవసరమైన రేడియేషన్ అది. అయితే స్పృహ తప్పినా, పదేపదే వాంతులైనా, లేపినా లేవనంత మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ముక్కు లేదా చెవి నుంచి రక్తమో తేట నీరో కారినా, కంటిపాపలు రెండూ ఒకే సైజులో లేకపోయినా, నడక తూలినా, నొక్కితే మెత్తగా ఉండే వాపు వచ్చినా అర్ధరాత్రయినా సరే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. కొట్టుకునేటప్పుడు పిలిస్తే పలకకుండా, కళ్లు తేలేసి, ఒళ్లు బిగుసుకుంటుంటే అది మూర్ఛ కావచ్చు. ఆటిజం ఉన్నవాళ్లలో మూర్ఛ ఇతరుల కన్నా ఎక్కువ. ఏళ్ల తరబడి గట్టిగా కొట్టుకునేవాళ్లలో దెబ్బతినేది కన్ను. రెటీనా (కంటి లోపలి వెనక పొర) ఊడిపోవడం, శుక్లాలు రావడం చూశాం. అందుకని కంటి పరీక్ష అప్పుడప్పుడు చేయించాలి.

హెల్మెట్ ఇప్పుడు వద్దు. చర్మం చిట్లేంతగా కొట్టుకుంటుంటే కొన్నాళ్లపాటు మెత్తటి రక్షణ టోపీ వాడిస్తాం, అదీ కారణం వెతుకుతూనే. మన ఎండల్లో అది పెట్టుకోవడమే ఒక శిక్ష. బండి హెల్మెట్ అసలు వద్దు. మందుల విషయానికొస్తే, అమెరికాలో ఆటిజంలోని తీవ్రమైన చిరాకుకు, తమను తాము గాయపరచుకోవడానికి రిస్పెరిడోన్‌ను 2006లో అయిదేళ్లు దాటినవారికి, అరిపిప్రజోల్‌ను 2009లో ఆరేళ్లు దాటినవారికి అనుమతించారు. రెండింటితోనూ బరువు పెరుగుతుంది, మగత ఉంటుంది. మీవాడికి మూడున్నరేళ్లే. మిగతావన్నీ చేసి చూడకముందే ఈ మందులు మొదలుపెట్టడాన్ని నేను ఒప్పుకోను.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో పిల్లల ఎదుగుదల లోపాలను ముందుగా గుర్తించి చికిత్స చేసే డీఈఐసీ కేంద్రాలున్నాయి, అక్కడ చికిత్స ఉచితం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. ఎక్కడికి వెళ్లినా ఆ నోటుపుస్తకం తీసుకెళ్లండి. బాబు కొట్టుకుంటున్నప్పుడు ఇంట్లో ఇంకెవరితోనైనా ఒక నిమిషం వీడియో తీయించి పెట్టుకోండి. ఆస్పత్రి గదిలో డాక్టరు ముందు కూర్చోబెడితే పిల్లలు ఒక్కసారి కూడా తల కొట్టుకోరు.