వాల్వును పెద్దది చేయకుండా ఇంజన్ హెడ్‌లో (సిలిండర్ పైమూతలో) గాలి ప్రవాహం పెంచవచ్చా?

పెంచవచ్చు. వాల్వు కొద్దిగా లేచినప్పుడు గాలిని అడ్డుకునేది పోర్టు (హెడ్‌లోని గాలి దారి) కన్నా వాల్వుకూ సీటుకూ (మూసుకున్నప్పుడు అది ఆనే వలయానికి) నడుమనున్న సన్నని సందు. సీటుకు ఆనే, సాధారణంగా 45 డిగ్రీలుండే ముఖానికి ఆనుకొని, కాడ వైపున, ఇన్‌లెట్ (గాలిని లోపలికి వదిలే) వాల్వుకు 30 డిగ్రీల అదనపు కోత పెట్టిస్తే, గాలి ఆ మూల దగ్గర చెదరకుండా ఒరుసుకుంటూ లోపలికి తిరుగుతుంది. వాల్వు తన తల వ్యాసంలో నాలుగోవంతు లేచేసరికి సందు వైశాల్యం తల వైశాల్యంతో సమానమవుతుంది కనుక, ఆపైన లాభం స్వల్పం. ఎగ్జాస్ట్ (పొగను బయటికి వదిలే) వాల్వుకు కోత పెడితే జాగ్రత్త: అది వేడిని ప్రధానంగా సీటు ద్వారానే వదులుతుంది. సీటుకు ఆనే పట్టీ మరీ సన్నబడితే అంచు కాలిపోతుంది. కోత అయ్యాక గరుకు పేస్టుతో వాల్వును సీటుపై నూరి, పోర్టులో కిరోసిన్ పోసి చుక్క కారకుండా చూసుకోవాలి. బైక్‌కు సరేకాని, అమలాపురం కాలువగట్టున నిలకడ వేగంతో నీళ్లు తోడే డీజిల్ ఇంజన్‌కు ఇది దండగ ఖర్చని నా అభిప్రాయం.