ఆ కొటేషన్ మడిచి పక్కన పెట్టు తమ్ముడూ

ప్రశ్న: అన్నా, నేను తాడిపత్రిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. గేమ్స్‌కీ, కొంచెం వీడియో ఎడిటింగ్‌కీ మొదటిసారి కంప్యూటర్ కొంటున్నాను. నాన్న బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. 55 వేల దాకా ఇస్తానన్నాడు. మానిటర్ మామయ్య వాళ్లింట్లో ఒకటి ఉంది. షాపులో ఇచ్చిన కొటేషన్ ఇది: ఐ7 3770 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, జీటీ 730 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 500 జీబీ హార్డ్ డిస్క్, రంగురంగుల లైట్ల క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) దాంతోపాటే. అన్నీ కలిపి 34 వేలు. 21 వేలు మిగులుతాయి కదా, తీసుకోమంటారా? వాలొరాంట్, జీటీఏ 5 ఆడాలని ఉంది.

జవాబు: వద్దు తమ్ముడూ. ఇలాంటి కొటేషన్ నెలకు నాలుగైనా నా టేబుల్ మీదికి వస్తాయి. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర మా షాపుకి పిల్లలు మడతలు పడిన కాగితం తెచ్చి "అన్నా, ఐ7 అన్నా" అంటారు. ఆ ఐ7 పుట్టింది 2012లో. అప్పుడది రాజే, కాదనను. ఇప్పుడు విండోస్ 11 అధికారిక జాబితాలో ఇంటెల్ 8వ తరం నుంచి పైవే ఉన్నాయి, నీకు చూపించింది 3వ తరం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్‌తో అయిపోయింది. పైగా వాలొరాంట్ విండోస్ 11లో నడవాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఉండాలి. అంటే డబ్బు కట్టి తెచ్చుకున్న రోజే నీ మొదటి గేమ్‌కు తంటా మొదలవుతుంది. ఐ7 అనే పేరు ఒక్కటే చూడకూడదు, దాని వెనకున్న అంకెలు చదవాలి. 3770లో మొదటి 3 తరం. 12400లో 12 తరం.

ఇక ఆ గ్రాఫిక్స్ కార్డు. 4 జీబీ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అంగుళం నీళ్లు పడే బోరుకు ఇంటంత సంపు కట్టి ఏం లాభం? జీటీ 730 వచ్చింది 2014లో. అది డిస్‌ప్లే రావడానికి పనికొచ్చే కార్డు, గేమ్ కోసం చేసింది కాదు. ఎన్‌విడియా 2021లోనే ఆ తరం కార్డులకు కొత్త గేమ్ డ్రైవర్లు (కార్డును గేమ్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) ఆపేసింది. జీటీఏ 5 అన్నీ తగ్గించి పెడితే నడుస్తుంది, నువ్వు కూడా దాంతోపాటు నడుస్తావు.

సరే, 55 వేలు ఎలా పంచాలో చూద్దాం. ధరలు వారం వారం మారుతున్నాయి, కాబట్టి పైసలతో సహా పట్టుకోవద్దు, వాటాలు చూడు. 20 వేలకు కాస్త అటూ ఇటూగా గ్రాఫిక్స్ కార్డుకే పోనీ. ప్రాసెసర్, మదర్‌బోర్డు కలిపి 18. ఎస్‌ఎంపీఎస్‌కు 4, క్యాబినెట్‌కు 3. మిగిలింది ర్యామ్‌కు, ఎస్‌ఎస్‌డీకి (హార్డ్ డిస్క్‌కు బదులు పెట్టే వేగమైన స్టోరేజ్). ర్యామ్ ధరలు ఈమధ్య మండిపోతున్నాయి. 8 జీబీవి రెండు కొనలేకపోతే ఒకటి పెట్టి, రెండోది తర్వాత కొనుక్కో. ఒక్క ర్యామ్ ఉన్నన్నాళ్లు వేగం కొంత తగ్గుతుంది, అంతే. దానికోసం కార్డు తగ్గించుకోకు. ర్యామ్ తర్వాత చేర్చుకోవచ్చు, కార్డు మార్చాలంటే పాతదాన్ని సగం ధరకు అమ్ముకోవాలి.

ప్రాసెసర్‌కు రైజెన్ 5 5600 గానీ, ఐ5 12400ఎఫ్ గానీ చూడు. రెండింట్లోనూ 6 కోర్లు, 12 థ్రెడ్లు. ఏది చవకగా దొరికితే అది, ఈ విషయంలో స్నేహితులతో గొడవ పడి టైం పాడుచేసుకోకు. రైజెన్ తీసుకుంటే మాత్రం షాపువాణ్ణి ఒక మాట అడుగు: "బోర్డు పాత స్టాకా? బయాస్ అప్‌డేట్ చేసి ఇస్తారా?" బయాస్ అంటే బోర్డులోనే ఉండే మొదటి సాఫ్ట్‌వేర్. పాత బీ450 బోర్డు ఆ అప్‌డేట్ లేకుండా 5600ను గుర్తుపట్టదు, నువ్వేమో ప్రాసెసర్ పాడైందనుకుని రాత్రంతా టెన్షన్ పడతావు.

కార్డుల్లో ఆర్‌ఎక్స్ 6600 8 జీబీ నా మొదటి మాట. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) మానిటర్‌కు అది చాలు. ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ దానికంటే నెమ్మది, కానీ వేరే కరెంటు కేబుల్ అక్కర్లేదు, బోర్డు నుంచే తీసుకుంటుంది. చవకగా వచ్చిందని ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ జోలికి మాత్రం పోకు. దాంట్లో వీడియోను ఎన్‌కోడ్ చేసే (ఎడిట్ చేశాక ఫైల్‌గా మార్చే) హార్డ్‌వేరే లేదు, నువ్వేమో ఎడిటింగ్ అంటున్నావు.

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్. ఇక్కడ నేను కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే దెబ్బ తిన్నవాణ్ణి. 2009లో షాపు లెక్కల కోసం నాకు నేనే ఒక కంప్యూటర్ కట్టుకున్నాను. క్యాబినెట్‌తో వచ్చిన ఎస్‌ఎంపీఎస్ అలాగే ఉంచాను, మీద 500 వాట్స్ అని రాసుంది. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. టప్పుమని ఒక చప్పుడు, ఆ తర్వాత కాలిన వాసన. మదర్‌బోర్డు పోయింది, హార్డ్ డిస్క్ పోయింది, రెండేళ్ల ఖాతాలు పోయాయి. ఎవరు ఎంత బాకీ ఉన్నారో నాకు ఇప్పటికీ తెలీదు. బాకీ ఉన్నవాళ్లు మాత్రం ఆ సంవత్సరమంతా కనపడితే చాలు, భలే ప్రేమగా పలకరించారు.

అందుకే క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ను ఇంటికి తీసుకెళ్లొద్దు. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర) ఉన్నది, 550 వాట్స్‌ది విడిగా కొను. షాపులో రెండూ రెండు చేతుల్లో పట్టుకుని చూడు. నాసిరకం డబ్బా ఖాళీ టిఫిన్ క్యారియర్ లాగా తేలికగా ఉంటుంది. 600 వీఏ యూపీఎస్ కూడా ఒకటి పెట్టుకో. అది ఇచ్చేది సుమారు 360 వాట్స్, నేను చెప్పిన కంప్యూటర్‌కు సరిపోతుంది. గేమ్ పూర్తిచేసేంత సేపు రాదు, సేవ్ చేసి ఆపేసేంత వస్తుంది. ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కు చూపించు. క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడితే లేదన్నట్టే.

నీది తాడిపత్రి కాబట్టి ఇంకో మాట. పాలిష్ మడ్డి ఎండితే తెల్లటి పొడి ఎలా లేస్తుందో నాకంటే మీ నాన్నకే బాగా తెలుసు. ముందు గాజు పలక ఉన్న క్యాబినెట్ కాకుండా జాలీ ఉన్నది, విప్పి కడుక్కునే ఫిల్టర్ ఉన్నది తీసుకో. గది 40 డిగ్రీలుంటే లోపలి చిప్ దానిమీద ఇంకా పైకే పోతుంది, గాలి ఆడకపోతే అంతే. నెలకోసారి బ్లోయర్‌తో దుమ్ము కొట్టు, కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకో, గిర్రున తిరిగితే బేరింగ్ పోతుంది.

కొనడానికి బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్తానంటే వెళ్లు, ఆదివారం మాత్రం వద్దు, చాలా షాపులు మూసి ఉంటాయి. ప్రతి వస్తువుకూ జీఎస్‌టీ బిల్లు, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకో. "బిల్లు లేకుండా అయితే 18 శాతం తగ్గుతుంది" అనేవాడికి దండం పెట్టి పక్క షాపుకు పో.

ప్రశ్న: మా అబ్బాయి ఎవరి దగ్గరో వాడిన గ్రాఫిక్స్ కార్డు 7 వేలకు వస్తోందని పట్టుబడుతున్నాడు. అవి మైనింగ్‌లో (క్రిప్టో కరెన్సీ కోసం రాత్రీపగలూ నడపడంలో) వాడినవంటారు కదా, భయంగా ఉందండీ. (ఒక గృహిణి, కడప)

జవాబు: భయపడాల్సింది మైనింగ్‌కు కాదమ్మా, దొంగ కార్డులకు. ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ 2022 సెప్టెంబర్‌లో మైనింగ్ ఆపేశాక ఆ కార్డులు గుట్టలుగా బయటికొచ్చాయి. వాటిలో బాగా నడిచేవీ ఉన్నాయి, ఫ్యాన్లు అరిగినవీ ఉన్నాయి. బాబును అమ్మేవాళ్లింటికే వెళ్లమనండి. అక్కడే కంప్యూటర్‌కు పెట్టించి, అరగంట గేమ్ ఆడి చూడమనండి. మధ్యలో తెర మీద గీతలు, రంగు చుక్కలు వస్తే చెప్పుల్లో కాళ్లు పెట్టెయ్యమనండి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే కార్డు అసలు పేరు బయటపడుతుంది. పాత కార్డుకు 1050 టీఐ అని పేరు మార్చి అమ్మేవాళ్లున్నారు. ఆర్‌ఎక్స్ 580 అని చెప్పి 2048 షేడర్లే (బొమ్మను లెక్కగట్టే చిన్న యూనిట్లు) ఉన్న 2048ఎస్పీ రకం ఇస్తారు, అసలు 580లో 2304 షేడర్లుంటాయి. బాబు ఆ అంకె చూసుకుంటే చాలు. పార్సిల్‌లో పంపిస్తాం, ముందు డబ్బు వేయండి అంటే మాత్రం ఒక్క రూపాయి వేయకండి.

ప్రశ్న: కొత్తగా అన్నీ బిగించాను సార్. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్ మీద మాత్రం "నో సిగ్నల్". ప్రాసెసర్ ఐ5 12400ఎఫ్. (ఇంజనీరింగ్ విద్యార్థి, కర్నూలు)

జవాబు: హెచ్‌డీఎంఐ కేబుల్ మదర్‌బోర్డుకు గుచ్చి ఉంటావు. పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్‌లో డిస్‌ప్లే ఉండదు. తీసి, కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డుకు గుచ్చు. అప్పటికీ రాకపోతే ర్యామ్ తీసి క్లిక్‌మని వినపడేదాకా మళ్లీ నొక్కు, ప్రాసెసర్ పక్కన ఉండే 8 పిన్నుల కరెంటు కేబుల్ మర్చిపోయావేమో చూడు. నేను కూడా ఒకసారి మర్చిపోయాను, కస్టమర్ ఎదురుగానే.