నొక్కితే సౌండ్ వస్తోందా? అయితే పెడల్ బతికే ఉంది

ప్రశ్న: మాస్టారూ, నేను డిగ్రీ చదువుతున్నాను. ఆదివారాలు చర్చిలో గిటార్ వాయిస్తాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డిస్టార్షన్ పెడల్ (గిటార్ సౌండ్‌ని గరుకుగా మార్చే, కాలితో తొక్కే చిన్న పెట్టె) నెల రోజులుగా కేబుల్ కదిలితే చాలు గరగరమంటోంది. పాట మధ్యలో సౌండ్ పోతుందేమోనని ఒకటే టెన్షన్. ఇన్‌పుట్ జాక్‌ని వేలితో నొక్కి పట్టుకుంటే వస్తోంది. బోర్డు పోయిందని ఒకరన్నారు. ఇంట్లో నేనే బాగుచేసుకోవచ్చా? సోల్డరింగ్ ఎప్పుడూ చేయలేదు.
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చేసుకోవచ్చు తమ్ముడూ. నొక్కితే వస్తోందని రాశావు చూడు, జబ్బేమిటో ఆ మాటలోనే ఉంది. బోర్డు పోతే నొక్కినా రాదు. ఎక్కడో అతుకు వదిలింది. మేం దాన్ని డ్రై సోల్డర్ అంటాం. ముప్పై ఏళ్లుగా రేడియోలు, ఆంప్లిఫయర్లు విప్పుతున్నాను. నా బల్ల మీదికి వచ్చిన పెడల్స్‌లో ఐసీ (బోర్డు మీది చిప్) పోయినవి తక్కువ. కాలితో తొక్కే వస్తువు, రోజూ జాక్ గుచ్చి లాగే వస్తువు. దెబ్బ ముందు అక్కడే తగులుతుంది.

మొదట వేరే కేబుల్‌తో చూడు. అప్పటికీ గరగర పోకపోతే బ్యాటరీ, అడాప్టర్ రెండూ తీసేసి వెనక రేకు విప్పు. ఏ వైరు ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీసుకో.

జాక్ కాళ్లు బోర్డుకు అతికిన చోట టార్చ్ ఏటవాలుగా వేసి భూతద్దంతో చూడు. మంచి అతుకు కాలిని పట్టుకుని చిన్న గుడారంలా నున్నగా వాలి ఉంటుంది. చెడిన అతుకులో కాలి చుట్టూ వెంట్రుకంత నల్ల గీత ఉంగరంలా కనిపిస్తుంది. జాక్‌ని మెల్లగా కదిపితే ఆ ఉంగరంలో కాలు ఆడుతుంది.

జాక్‌కి మూడు కాళ్లున్నాయని కంగారుపడకు. గిటార్ సౌండ్ మోనోయే అయినా చాలా పెడల్స్‌లో ఇన్‌పుట్‌కి స్టీరియో జాక్ పెడతారు. మూడో కాలికి బ్యాటరీ మైనస్ వస్తుంది. కేబుల్ గుచ్చగానే అది గ్రౌండ్‌తో కలిసి పెడల్ ఆన్ అవుతుంది. అందుకే అడాప్టర్ మీద పనిచేస్తూ బ్యాటరీ మీద ఆగిపోతుంటే ముందు ఆ కాలినే అనుమానించు. (వాయించడం అయ్యాక కేబుల్ పీకమనేది కూడా ఇందుకే. లేకపోతే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ.)

25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, ఫ్లక్స్ (అతుకు బాగా పట్టేలా చేసే పదార్థం) ఉన్న సన్న లెడ్ (కరిగించి అతికే సోల్డర్ తీగ), తడి స్పాంజ్ చాలు. లెడ్‌ని ఐరన్ మొన మీద కరిగించి అతుకు మీద పూయకు. మొన కాలికీ, కింద రాగి ప్యాడ్‌కీ ఒకేసారి ఆనాలి. రెండు లెక్కపెట్టి ఎదుటి వైపు నుంచి లెడ్ అందించు. కాలు వేడెక్కితే లెడ్ దానంతటదే పారి చుట్టూ సర్దుకుంటుంది. ముందు లెడ్ తియ్యి, తర్వాత ఐరన్. గట్టిపడేదాకా కదపకు, ఊదకు.

60/40 లెడ్ (అరవై పాళ్లు తగరం, నలభై పాళ్లు సీసం) 190 డిగ్రీల లోపే కరుగుతుంది. కరగలేదంటే మొన మురికిగా ఉందన్నమాట; స్పాంజ్‌కి తుడువు, ఇంకా నొక్కకు. కొత్తలో నేను అలాగే నొక్కి ఉంచితే రాగి ప్యాడ్ పొరలా లేచి వచ్చేసింది. మర్నాడు పెళ్లిలో వాయించాల్సిన కుర్రాడి పెడల్ అది. రాత్రి కూర్చుని సన్న తీగతో జంపర్ వేసి ఇచ్చాను. నువ్వు మాత్రం ముందు పాత రేడియో బోర్డు మీద ఇరవై అతుకులు వేసి చెయ్యి అలవాటు చేసుకో. కిటికీ తెరిచి ఉంచు, పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కో. ఆ లెడ్‌లో సీసం ఉంటుంది.

ప్రశ్న: కీబోర్డు అడాప్టర్ పెడల్‌కి గుచ్చాను. అప్పటి నుంచి అసలు వెలగడం లేదు.
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పెడల్స్ ఎక్కువగా 9 వోల్టులు, పిన్ను మధ్యలో మైనస్. చాలా కీబోర్డు అడాప్టర్లకి మధ్యలో ప్లస్. కరెంటు తిరగబడినప్పుడు బోర్డుని కాపాడటానికి పెట్టిన డయోడ్ తాను షార్టై ఉంటుందమ్మా. ఒక కాలు ఊడదీసి మల్టీమీటర్ పెట్టండి. మీటర్ తీగలు అటూ ఇటూ మార్చి పెట్టినా రెండుసార్లూ బీప్ వస్తే అదే పోయింది. సాధారణంగా 1ఎన్4001 ఉంటుంది, కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. పాతది పూర్తిగా తీసే ముందు దాని మీది గీత ఎటు ఉందో గుర్తు పెట్టుకోండి. కొత్తదాని గీత కూడా అటే ఉండాలి.