తోడికోడలి సంగతి పక్కన పెట్టు, మీ ఆయనతో మాట్లాడు

ఉత్తరం:

మాది కాకినాడ. ఎనిమిదేళ్లు ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచరుగా చేశాను. మావారు ఇంటర్‌లో ఉండగానే మామగారు పోయారు. బీటెక్ చదివించింది బావగారే. రెండేళ్ల క్రితం ఆయన స్పాన్సర్ చేస్తేనే 491 వీసా (ప్రాంతీయ తాత్కాలిక వీసా) మీద ఆస్ట్రేలియాలోని పెర్త్ వచ్చాం. మొదటి ఏడు నెలలు వాళ్లింట్లోనే ఉన్నాం. ఇప్పుడు కెనింగ్ వేల్‌లో వాళ్ల వెనక వీధిలో అద్దెకుంటున్నాం. మావారు గనుల్లో ఎలక్ట్రికల్ ఇంజినీరు. ఎనిమిది రోజులు న్యూమన్‌లో, ఆరు రోజులు ఇంట్లో. ఆ ఆరు రోజుల్లో సగం వాళ్లన్నయ్య ఇంటి పనులకే పోతుంది. నాకు కారు నడపడం రాదు, ఎక్కడికెళ్లాలన్నా మా తోడికోడలే దిక్కు. నా వంటకి వంక, నా బట్టలకి వంక, పాపని పెంచే తీరుకి వంక. 'మేం రప్పించకపోతే వీళ్లెక్కడుండేవాళ్లు' అని పూజలకి వచ్చిన నలుగురిలో అంటుంది. ఆరేళ్ల పాప తెలుగు మర్చిపోతోంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే మెల్‌బోర్న్‌కి మారదామంటే మావారు మాట్లాడరు. ఈమధ్య మేం దాచుకున్న డబ్బుతో బావగారి పేరు మీద ఇల్లు కొనాలనుకుంటున్నారు. మాకు పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చాక మా పేరుకు మారుస్తారట. నెలాఖరుకు అడ్వాన్స్ కట్టాలి. అమ్మకి రోజూ ఫోన్ చేసి ఏడుస్తున్నాను. పాపని తీసుకుని కాకినాడ వచ్చేయనా?
— పేరు వద్దు, పెర్త్

జవాబు:

అమ్మా, పైన అచ్చు వేసింది నీ ఉత్తరంలో కొంతే. మిగతాదంతా నీ తోడికోడలు ఏ పండక్కి ఏమంది, ఏ కూర చూసి మొహం ఎలా పెట్టింది అన్నదే. ఇల్లు కొనే సంగతి మాత్రం చివర్లో రెండు మూడు వాక్యాల్లో రాసి వదిలేశావు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ వాక్యాలే.

ముందు నువ్వడిగిన వాటికి చెప్పేస్తాను. కాకినాడ రావద్దు. పాపతో నువ్వు పుట్టింట్లో, మీ ఆయన గనుల్లో ఉంటే ఆయన ఆరు రోజులూ పూర్తిగా అన్నగారింటివే అవుతాయి. మెల్‌బోర్న్ ఊసు కూడా వదిలెయ్. 491 మీద వచ్చినవాళ్లు ప్రాంతీయ జాబితాలో ఉన్న చోటే ఉండాలి, అక్కడే పని చెయ్యాలి. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ ఆ జాబితాలో లేవు. పెర్త్‌ని 2019 నవంబరులో అందులో చేర్చారు కాబట్టే మీరు అంత పెద్ద నగరంలో ఉండగలుగుతున్నారు. మూడేళ్లు ఆ షరతు ప్రకారం ఉండి, పన్ను లెక్కలు సరిగ్గా చూపిస్తే 191కి, అంటే పీఆర్‌కి పెట్టుకోవచ్చు. రెండేళ్లు గడిచాయి. మిగిలిన ఏడాది ఎలా గడవాలన్నదే ఇప్పుడు మనం చూసుకోవాలి.

పాప తెలుగు గురించి బెంగ వద్దు. తల్లి ఇంట్లో తెలుగే మాట్లాడితే, పడుకునేటప్పుడు తెలుగులో కథ చెబితే ఆరేళ్ల పిల్ల భాష ఎక్కడికీ పోదు. కాకపోతే తల్లి మనసు స్థిమితంగా ఉండాలి.

ఇక తోడికోడలు. ఆవిడ అన్న మాటలు తప్పే, నలుగురిలో అనడం ఇంకా తప్పు. కానీ ఆవిడకి అంత మాట అనే చనువు ఎక్కడి నుంచి వచ్చింది? 'అమ్మాయి మీద అలా అనకండి వదినా' అన్న ఒక్క మాట రెండేళ్లలో మీ ఆయన నోటి నుంచి రాలేదు. మరిది ఊరుకుంటే వదినకి అడ్డేముంటుంది? నువ్వు ఆవిడకి జవాబు చెప్పడం మొదలుపెడితే అది ఇద్దరాడవాళ్ల పోట్లాటగా మిగిలిపోతుంది, అన్నదమ్ములు అటు తిరిగి టీవీ చూస్తారు. కాబట్టి ఆవిణ్ణి పక్కన పెట్టు. నీ ఇంట్లో ముడి పడింది మీ ఆయనకీ వాళ్లన్నయ్యకీ మధ్య.

తండ్రి పోయాక తమ్ముణ్ణి చదివించిన అన్న తండ్రితో సమానం. ఆ మాట నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. చిన్న వయసులో ఇంటి భారం మీద వేసుకుని, తమ్ముడి ఫీజులు కట్టి, తాను స్థిరపడ్డాక తమ్ముడికీ దారి చూపించిన మనిషి మీద నువ్వు కూడా గౌరవం తగ్గించుకోకూడదు. ఆయన చెడ్డవాడని నీ ఉత్తరంలో ఎక్కడా లేదు, నేనూ అనడం లేదు. కానీ ఒకటి ఆలోచించు. మీ మామగారే బతికుంటే ఏం చేసేవారు? పెళ్లయి, బిడ్డ పుట్టిన కొడుకుని మంచిరోజు చూసి వేరు కాపురం పెట్టించేవారు. వాళ్ల జీతం వాళ్ల చేతిలో పెట్టి, పండక్కి పిలిచి కొత్త బట్టలు పెట్టేవారు. మన ఇళ్లలో పెద్దరికం అంటే అదే కదా! తండ్రి కూడా తీసుకోని అధికారాన్ని అన్న తీసుకోవడం, అది ఇవ్వకపోతే కృతఘ్నత అని తమ్ముడు అనుకోవడం, రెండూ సరైనవి కావు. మీ ఆయన ఇంకా ఫీజు కోసం అన్న ముందు నిలబడ్డ ఇంటర్ కుర్రాడిలాగే ఉన్నాడు. భర్తగా, తండ్రిగా ఆయన కూర్చోవాల్సిన కుర్చీ ఖాళీగా ఉంది. ఆ ఖాళీలోకే నీ తోడికోడలు వచ్చి కూర్చుంది.

ఆయన వైపు నుంచి కూడా చూడాలి. న్యూమన్ పెర్త్‌కి దాదాపు పన్నెండు వందల కిలోమీటర్ల దూరం. రోజుకి పన్నెండు గంటల షిఫ్టు, ఎర్ర దుమ్ము, ఎండ, క్యాంపులో ఒంటరి గది. విమానం దిగి ఇంటికొచ్చేసరికి మనిషి ఇంట్లో ఉన్నా మనసు ఇంకా అక్కడే ఉంటుంది. ఇలా విమానంలో వెళ్లి కొన్నాళ్లు పనిచేసి తిరిగొచ్చే ఫిఫో ఉద్యోగాలు మనుషుల మనసుల్ని ఏం చేస్తున్నాయో చూడటానికి పశ్చిమ ఆస్ట్రేలియా శాసనసభ కమిటీ ప్రత్యేకంగా విచారణ జరిపి 2015లో నివేదిక ఇచ్చిందంటే, ఆ బతుకు ఎంత కష్టమో తెలుసుకో. అలసిపోయి వచ్చిన మనిషికి అన్నయ్య ఇంట్లో డాబా కప్పు వెయ్యడం తేలిక, భార్య కళ్లలో నీళ్లు చూడటం కష్టం. అర్థం చేసుకో, కానీ అక్కడితో ఆగిపోవద్దు.

ఇల్లు సంగతికి వస్తాను. ఇది మాత్రం జాగ్రత్తగా చదువు, మీ ఆయనకి కూడా చదివి వినిపించు.

తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు కట్టి ఉన్న పాత ఇల్లు కొనకూడదని ఆస్ట్రేలియా ప్రభుత్వం 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 వరకు నిషేధం పెట్టింది, మినహాయింపులు చాలా తక్కువ. కొత్త ఇల్లో ఖాళీ స్థలమో అయితే అనుమతి అడగవచ్చు గానీ, పశ్చిమ ఆస్ట్రేలియాలో విదేశీ కొనుగోలుదారులకి మామూలు స్టాంప్ డ్యూటీ కాక ఆస్తి విలువలో ఇంకో 7 శాతం పడుతుంది. బావగారు 'నా పేరు మీద కొందాం' అనడం వెనక కారణం బహుశా ఇదే. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ కొనకూడని వాడి డబ్బుతో ఇంకొకరి పేరు మీద కొని నిబంధనని దాటెయ్యడాన్ని చట్టం ఒప్పుకోదు, అది అన్నదమ్ములిద్దరి మెడకీ చుట్టుకుంటుంది. పీఆర్‌కి ఏడాది దూరంలో ఉన్నవాళ్లు చెయ్యాల్సిన పనేనా ఇది? పోనీ చట్టం సంగతి వదిలేసినా, రేపు మీ పేరుకు మార్చేటప్పుడు మళ్లీ స్టాంప్ డ్యూటీ కట్టాలి. ఈలోగా బావగారికి ఏదైనా జరిగితే ఆ ఇల్లు ఆయన భార్యాపిల్లలది. అప్పుడు నువ్వెళ్లి నిలబడాల్సింది ఎవరి ముందో నీకే తెలుసు. మన పల్లెల్లో నోటి మాట మీద అన్న పేరున ఉంచిన పొలాల గొడవలు తరవాతి తరం దాకా కోర్టుల్లో నలిగిన ఇళ్లు నీకూ తెలిసే ఉంటాయి. అవన్నీ ప్రేమగా మొదలైనవే.

'కాదంటే వీసాకి ఏమన్నా ఇబ్బంది చేస్తారేమో' అని కూడా రాశావు. అమ్మా, వీసా ఇచ్చింది ప్రభుత్వం. మంజూరైన వీసాని కోపం వచ్చిందని స్పాన్సర్ చేసిన బంధువు రద్దు చెయ్యలేడు. మీ షరతులు మీరు పాటిస్తే చాలు. అనుమానం ఉంటే రిజిస్టర్ అయిన మైగ్రేషన్ ఏజెంట్‌ని డబ్బు కట్టి ఒక గంట అడగండి. ఊళ్లో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అడగొద్దు, సాయంత్రానికి బావగారికి తెలిసిపోతుంది.

మరి అన్నగారి రుణం ఎలా తీరాలి? లెక్క కట్టి తీర్చండి. ఆ ఏడు నెలల అద్దె, సరుకులు, టిక్కెట్లకి ఆయన పెట్టిన డబ్బు కాగితం మీద రాయండి. ఆయన 'ఛీ, మన మధ్య లెక్కలేమిటి' అంటారు, బాధపడతారు కూడా. అయినా ఇవ్వండి. తీసుకోకపోతే ఆయన పిల్లల పేరున వెయ్యండి. చదువు చెప్పించిన రుణం డబ్బుతో తీరదు, దానికి జీవితాంతం గౌరవం ఉంచుకోండి, కష్టం వస్తే ముందు నిలబడండి. డాబా కప్పు వేసి, జీతం లెక్కలు చూపించి, భార్యని నలుగురిలో మాటలు పడనిచ్చి తీర్చే రుణం కాదది. ఆ ఖర్చు లెక్క తేలిపోతే 'మేం రప్పించకపోతే' అన్న మాటకి బలం తగ్గుతుంది.

నీ సంగతి. ఎనిమిదేళ్లు పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పినదానివి, ఒకరి కారు కోసం గుమ్మంలో ఎదురుచూడటం నాకు బాధగా ఉంది. డ్రైవింగ్ ఈ నెలలోనే మొదలుపెట్టు. అది వచ్చేలోగా రైలెక్కు. 2025లో మీ కెనింగ్ వేల్ పక్కనే రాన్‌ఫోర్డ్ రోడ్ స్టేషన్ వచ్చింది. పాప బడికి వెళ్లాక స్మార్ట్‌రైడర్ కార్డు పట్టుకుని ఒక్కదానివే సిటీకి వెళ్లి రా. మర్నాడు సముద్రం ఒడ్డున ఉన్న ఫ్రీమాంటిల్ వెళ్లు. కాకినాడ పిల్లవి, రెండేళ్లలో సముద్రం దగ్గరికి ఎవరో ఒకరు తీసుకెళ్తే తప్ప వెళ్లలేదని రాశావు. నాకు అది కూడా చిన్న విషయంగా అనిపించలేదు.

ఉద్యోగం కూడా అందని పండేం కాదు. ఆ దేశంలో టీచర్ల కొరత ఉంది, లెక్కల టీచర్లకి మరీ. పశ్చిమ ఆస్ట్రేలియా టీచర్ రిజిస్ట్రేషన్ బోర్డు నీ డిగ్రీ, బీఈడీ చూస్తుంది. ఐఇఎల్‌టిఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో మంచి స్కోరు రావాలి. కష్టమే, చదివితే వస్తుంది. అది అయ్యేలోగా టేఫ్ అనే ప్రభుత్వ వృత్తి శిక్షణ కాలేజీలో టీచర్లకి సహాయకులుగా పనిచేసే కోర్సు ఉంటుంది, అది చూడు. బళ్లో అడుగుపెడితే నీ నడకే మారుతుంది. నీ పేరు మీద వేరే బ్యాంకు ఖాతా ఉండాలి, ఇంటి ఖర్చుకి పోగా కొంత అందులో పడాలి. ఇది భర్త మీద అపనమ్మకం కాదు, ఇద్దరి సంసారానికీ మంచిది.

మీ అమ్మగారికి రోజూ ఏడుస్తూ ఫోన్ చెయ్యొద్దు. కాకినాడలో ఆవిడ చెయ్యగలిగింది ఏమీ లేదు, రాత్రి అన్నం మానేస్తుంది. భర్తకి చెప్పాల్సిన మాటలు రెండేళ్లుగా తల్లికి చెబుతున్నావు, నీ వైపు నుంచి పొరపాటు అదొక్కటే.

నీ ఉత్తరంలో చేయి చేసుకున్న మాటెక్కడా లేదు కాబట్టే నేను ఓపిక, మాటలు అంటున్నాను. ఇది చదివే వేరే ఆడపిల్ల ఎవరికైనా అక్కడ ఆ పరిస్థితి ఉంటే 1800 737 732కి ఫోన్ చెయ్యాలి. తెలుగులో మాట్లాడటానికి దుబాసీని అడగవచ్చు. ప్రాణం మీదకొస్తే 000.

మీ ఆయన దిగిన రోజు కదిలించకు, నిద్రపోనివ్వు. రెండో రోజు పొద్దున్న పాపని బళ్లో దింపి, ఇద్దరూ అటు నుంచి అటే ఎక్కడికైనా వెళ్లండి, ఇంటికి రావద్దు, వెనక వీధి నుంచి పిలుపు వస్తుంది. తోడికోడలి పేరు ఎత్తకు. ఎత్తితే ఆయనకి తప్పించుకోవడానికి దారి దొరుకుతుంది. 'మీ అన్నయ్య మనకి చేసింది నేను మర్చిపోను. కానీ ఈ డబ్బు పాపది, నేనొప్పుకోను' అని చెప్పు. ఏడవకుండా చెప్పు. అన్నయ్యతో మాట్లాడాల్సింది ఆయనే, నువ్వు కాదు. ఆయన నాన్చితే 'లాయర్ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లి అడిగాకే సంతకం' అను. అందులో అన్నగారికి కూడా మేలే ఉంది, ఆ మాటే ఆయన అన్నగారికి చెప్పుకోవచ్చు.

నెలాఖరుకి ముందు ఆయన ఇంట్లో ఉండే వారం ఒకటే ఉందని రాశావు. ఆ వారం దాటనివ్వకు. డబ్బు మీ ఖాతా దాటకముందే ఈ మాట జరగాలి.