లారీ ఆపు, ముందు సంచి సర్దు

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. నేవీలో ఉన్న అల్లుడికి కొచ్చి ట్రాన్స్‌ఫర్, సగం ఇల్లు అట్టపెట్టెల్లో, బంగాళాఖాతంలో వాయుగుండం, రిలీవ్ అయ్యేలోపే ఓడ సముద్రంలోకి వెళ్ళిపోవడం. ఇవన్నీ ఒక్క వారంలో వచ్చిపడితే ఎవరికైనా టెన్షనే. ఫోన్‌లో అన్నీ చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

ఇలాంటప్పుడు ఆయన్ని ఎందుకు తీసుకెళ్ళారని ఏడ్చావు. జెట్టీకి కట్టేసిన ఓడ పెద్ద గాలికి గోడకేసి కొట్టుకుంటుంది తల్లీ. అందుకే తుఫాను రాకముందే ఓడల్ని దాని దారికి దూరంగా సముద్రంలోకి పంపేస్తారు. అక్కడే వాళ్ళకి క్షేమం. గాలి తగ్గాక సాయానికి ముందు కదిలేదీ వాళ్ళే. కాబట్టి కొన్ని రోజులు ఫోన్ రాదని ఇప్పుడే మనసుకి చెప్పుకో. బాబుకీ అదే చెప్పు. ‘సాయంత్రం నాన్న ఫోన్ చేస్తారు’ అని మాత్రం అనకు, వాడు కూర్చుని ఎదురుచూస్తాడు.

ఇక అసలు సంగతి. గురువారం లారీ వస్తుందన్నావు. వద్దని చెప్పెయ్. శనివారం తుఫాను అంటున్నారు కదా, ఈలోపు సామాను ఊరు దాటిపోతే మంచిదని నీకు అనిపిస్తుంది. 2014లో నాకూ అలాగే అనిపించింది.

హుద్‌హుద్ అక్టోబరు 12న, ఆదివారం, విశాఖ దగ్గర తీరం దాటింది. అప్పుడు మాకు ముంబయి ట్రాన్స్‌ఫర్. శుక్రవారమే సామాను ఎక్కించి హమ్మయ్య అనుకున్నాను. ఇంకో ఇంటి సామాను కలిస్తే గానీ బండి నిండదని లారీ వాళ్ళు మా సామానంతా ఊరి చివర రేకుల షెడ్డులో దించేశారు. మాకు మాట మాత్రం చెప్పలేదు. ఆదివారం ఆ రేకులు లేచిపోయాయి. రోడ్డు మీద పడ్డ చెట్లు తీశాక వెళ్ళి చూస్తే, అట్టపెట్టెలు నానిన అప్పడాల్లా నేలకి అతుక్కుపోయి ఉన్నాయి. ఒకదాన్ని ఎత్తబోతే అడుగు ఊడిపోయి పైభాగమే చేతికొచ్చింది. మీ అన్నయ్య సర్టిఫికెట్లు అందులోనే. ఒక్కో కాగితం విడదీసి, న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి ఆరబెట్టాను. హెడ్‌మాస్టర్ సంతకం ఉండాల్సిన చోట నీలం మరక మిగిలింది. ఆ పక్కనే మీ పెదనాన్న నల్ల ట్రంకు పెట్టె, తెల్ల పెయింటుతో పేరూ నంబరూ రాసింది, అలాగే ఉంది. తెరిస్తే బందుల దగ్గర వేలెడు తడి, లోపల చీరలన్నీ పొడిగా ఉన్నాయి.

ఇటు ఇంట్లో నా దగ్గర స్టవ్ లేదు, బకెట్ లేదు, కొవ్వొత్తులు కూడా షెడ్డులోనే. రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్లు పనిచేయలేదు. పాలకీ నీళ్ళకీ పెట్రోలుకీ ఎక్కడ చూసినా క్యూలే. పక్క క్వార్టర్ ఆవిడ ఇచ్చిన ఒక్క గిన్నెతో నెట్టుకొచ్చాను.

అందుకని చెబుతున్నాను, ట్రంకు పెట్టెల సంగతి తర్వాత, ముందు వారానికి సరిపడా సామాను ఒక మూల పక్కన పెట్టు. స్టవ్, రెండు గిన్నెలు, కత్తి, బియ్యం, రవ్వ, అటుకులు, పాలపొడి, టార్చి, పవర్ బ్యాంకు, కొవ్వొత్తులు. అగ్గిపెట్టెలు స్టీలు డబ్బాలో వెయ్. మీ అత్తగారి బీపీ మాత్రలు పదిహేను రోజులకి తెచ్చుకో. ఏటీఎంలు పనిచేయవు, చేతిలో డబ్బు ఉంచుకో. బియ్యం డ్రమ్ములు ఖాళీ అయ్యాయన్నావుగా, వాటినిండా నీళ్ళు పట్టు. మేడ మీద సింటెక్స్ ట్యాంకు నిండుగా ఉండేలా చూడు, ఖాళీ ట్యాంకు గాలికి ఎగిరిపోతుంది.

గ్యాస్ కనెక్షన్ ఇప్పుడే సరెండర్ చెయ్యకు. స్కూటర్ రైల్లో వేయాలంటే పెట్రోలు తీసెయ్యాలి, నిజమే, కానీ ఆ పని తుఫాను వెళ్ళాకే. ఇప్పుడు ట్యాంకు ఫుల్ చేయించి, చెట్టు కింద కాకుండా గోడ చాటున పెట్టు. ఫ్రిజ్ మాత్రం ఇవాళే ఖాళీ చేసి ఆపెయ్, ఎలాగూ చెయ్యాల్సిందే.

కాగితాలు ఏ పెట్టెలోనూ వద్దు. ట్రాన్స్‌ఫర్‌కి ఇచ్చిన మూవ్‌మెంట్ ఆర్డర్ కాపీ, డిపెండెంట్ కార్డు, క్యాంటీన్ కార్డు, మార్కుల లిస్టులు, టీకాల పుస్తకం, గ్యాస్ పుస్తకం రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి నీ భుజం సంచిలో పెట్టుకో. రాత్రి దిండు పక్కనే ఉండాలి. కేంద్రీయ విద్యాలయంలో బాబు టీసీ ఇంకా తీసుకోకపోతే రేపే వెళ్ళు, తర్వాత స్కూలు ఎన్నాళ్ళు మూసేస్తారో చెప్పలేం.

కట్టేసిన అట్టపెట్టెల్ని కిటికీలకి దూరంగా, లోపలి గదిలో, ఇటుకల మీదో మంచం మీదో ఎక్కించు. విలువైనవి ట్రంకుల్లోకి మార్చు. క్వార్టర్‌లో ప్రతి కిటికీ, తలుపు, ఫ్యాను ఇవాళే ఫోన్‌లో ఫోటో తీసి పెట్టు. తుఫానుకి పగిలిన అద్దాన్ని క్వార్టర్ అప్పగించే మార్చ్ అవుట్ రోజు మీ ఖాతాలో రాయకుండా అది పనికొస్తుంది. అల్లుడి పైఅధికారి డివిజనల్ ఆఫీసర్‌కి నీ పరిస్థితి ఇప్పుడే తెలియజెయ్. రైళ్ళు రద్దయితే జాయినింగ్ సంగతి వాళ్ళు చూసుకుంటారు, కానీ ముందుగా చెప్పినవాళ్ళ మాట వేరు.

ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. హోరుమని వీచిన గాలి ఒక్కసారిగా ఆగిపోతే అయిపోయిందనుకుని తలుపు తియ్యకు. అది తుఫాను కన్ను, అంటే దాని మధ్యభాగం. హుద్‌హుద్ అప్పుడు మేమంతా వరండాలోకి వచ్చి నిలబడ్డాం, పిల్లలు పడిపోయిన కొమ్మల మీద ఎక్కి ఆడుతున్నారు. కాసేపటికే గాలి అవతలి దిక్కు నుంచి మళ్ళీ విరుచుకుపడింది. మా వంటింటి కిటికీ పోయింది అప్పుడే. అధికారులు చెప్పేదాకా లోపలే ఉండండి.

గాలి తగ్గి రోడ్లు తెరిచాక లారీ పిలువు. మీ సామాను ఒక్కటే ఎక్కుతుందా, మధ్యలో ఎక్కడైనా దించుతారా అని అడిగి కాగితం మీద రాయించుకో. ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకో. లారీ కదిలేటప్పుడు బండి నంబరు ఫోటో తీసి నాకూ పంపు.

మీ పెద్దమ్మ