ఏళ్లుగా ఆగిపోయిన కారుకి వెంటనే సెల్ఫ్ కొట్టొచ్చా?

ప్రశ్న: సార్, మా పెదనాన్న గారి పాత కార్బురేటర్ కారు పదిహేనేళ్లుగా షెడ్డులోనే ఉంది, పెట్టినప్పుడు బాగానే నడిచేది. కొత్త బ్యాటరీ వేసి, కొత్త పెట్రోల్ పోసి సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయిపోద్ది అంటున్నాడు మా తమ్ముడు. కొట్టమంటారా?

జవాబు: వద్దండి బాబూ, తమ్ముణ్ణి కాస్త ఆపండి. అన్నేళ్లు కదలని ఇంజిన్‌లో సిలిండర్ గోడల మీద ఆయిల్ అంతా కిందికి జారిపోయుంటుంది, తేమకి పిస్టన్ రింగులు తుప్పు పట్టి అతుక్కుపోయి కూడా ఉండొచ్చు, అప్పుడు సెల్ఫ్ కొడితే రింగులు విరిగి వ్యవహారం సిలిండర్లు మళ్ళీ తొలిపించే బోరింగ్ పని దాకా పోతుంది. ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో కొంచెం పల్చటి ఆయిల్ పోసి ఒకట్రెండు రోజులు వదిలేయండి. తర్వాత న్యూట్రల్‌లో పెట్టి ఇంజిన్‌ని తిప్పే క్రాంక్ పుల్లీ చక్రం మధ్యనుండే బోల్టుకి స్పానర్ వేసి చేత్తో మెల్లగా తిప్పండి. తిరగలేదా, బలం చూపించొద్దు, మళ్ళీ ఆయిల్ పోసి ఆగండి. ఫ్రీగా తిరిగాక ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చి, ప్లగ్గులు వెయ్యకుండానే డాష్‌బోర్డు మీద ఆయిల్ లైట్ ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. తమ్ముడి సరదా ఇక్కడ తీర్చుకోమనండి. కానీ బ్యాటరీ కలిపే ముందు ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడండి, షార్ట్ అయితే కారే తగలబడుద్ది.

పాత పెట్రోల్ మీద కొత్తది పోస్తే అడుగునున్న జిగురు, తుప్పు అంతా కార్బురేటర్ జెట్లలోకి, అంటే పెట్రోల్ వెళ్ళే సన్న రంధ్రాల్లోకి పోతుంది. ట్యాంకు దింపి కడిగించాల్సిందే, పెట్రోల్ రబ్బరు పైపులు కూడా మార్చేయండి, ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి పాత రబ్బరు తట్టుకోదు. ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టించే కాంటాక్ట్ పాయింట్లు సన్న ఎమరీ కాగితంతో రుద్దితే సరిపోతుంది.

ఇంజిన్ మోగగానే అందరూ ఓ రౌండ్ వేసొద్దాం అంటారు చూడండి, నాకు భయం అక్కడే. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని లాగేసుకుంటుంది, ఇన్నేళ్లకి పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్, చక్రాల దగ్గరి వీల్ సిలిండర్లు లోపల తుప్పు పట్టి రబ్బర్లు గట్టిపడి ఉంటాయి. షెడ్డులో పెడల్ గట్టిగానే తగులుద్ది, రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు ఎక్కడో లీక్ అయి నేలకి అంటుకుపోద్ది. పాత కార్లలో చాలావాటికి నాలుగు చక్రాలకీ ఒకటే బ్రేక్ ఆయిల్ లైను, ఒక్కచోట లీకైతే మొత్తం బ్రేకులు పోయినట్టే. అందుకే సిలిండర్ల రబ్బరు కిట్లు, బ్రేక్ హోసులు, బ్రేక్ ఆయిల్ అన్నీ మార్చాకే కారు గేటు దాటాలి. డబ్బులు తక్కువైతే పెయింట్ పని ఆపుకోండి, బ్రేకుల పని మాత్రం ఆపొద్దు.

ప్రశ్న: నా పాత కారు టైర్లు అరగలేదు, పైకి కొత్తవాటిలాగే ఉన్నాయి. వాడుకోవచ్చా?

జవాబు: అరుగుదల కాదండి, వయసు చూడాలి. టైరు పక్కన డాట్ (DOT) అని ఉన్నచోట చివరి నాలుగంకెలు చూడండి, 2309 అంటే 2009లో 23వ వారం తయారైందని. పదేళ్లు దాటితే పగుళ్లు లేకపోయినా తీసేయండి. మూడంకెలే ఉంటే అవి 2000కి ముందువి, ఇంక ఆలోచించేదేం లేదు. స్టెప్నీ కూడా చూడండి, దాన్ని అందరూ మర్చిపోతారు.